స్టార్టప్ ముహూర్తం: తొమ్మిదీ నలభై

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మాదాపూర్ వైపు ఎండ. కొత్తగూడ వైపు మబ్బు. దసరా మర్నాడే అయినా రాళ్లు పేల్చేవాళ్లకి సెలవు లేదు. పేలిన రాతి దుమ్ము లేచి ఎండనీ మబ్బునీ కలిపి ఒకే బూడిద రంగు చేసింది.

మూడో అంతస్తు డాబా మీద చీపురు పట్టుకుని రాజయ్య ఆ దుమ్మునే చూస్తున్నాడు. ఖాకీ చొక్కా, నడుముకి తాళంచేతుల గుత్తి. సుధాత్రి డేటా సర్వీసెస్‌లో అతను అటెండరు. చాయ్ తెస్తాడు, బల్లలు తుడుస్తాడు, మనుషుల ముఖాలు చూస్తాడు. మాట్లాడడు.

సుధాత్రి బయటికి వై-టూ-కే కంపెనీ. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే కొట్టు. నలభై మంది స్టాఫూ నిజంగానే ఆ పని చేస్తారు. లోపలి గాజు గదిలో ఉన్న సర్వర్ మాత్రం గూఢచారి విభాగానిది. ఆ ఆఫీసులో ఆ సంగతి మొదట్నుంచీ ఇద్దరికే తెలుసు. ఎండీగా కనిపించే చీఫ్ సోమేశ్వరరావుకి, అటెండరుగా కనిపించే ఏజెంట్ ఇరవై ఒకటికి.

కింద నుంచి సోమేశ్వరరావు గొంతు వినిపించింది. "రాజయ్యా! నా గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది. చూడు."

అది కోడ్. గదిలో ఏసీ తప్ప ఫ్యాను లేదు.

రాజయ్య వెళ్లి తలుపు వేశాడు. గడియారం ఎనిమిదీ పది.

"ఇవాళ నీకు అసైన్‌మెంట్ ఒక్కటే," అన్నాడు సోమేశ్వరరావు. "ఏమీ చెయ్యకుండా నిలబడటం."

"అర్థం కాలే సార్."

"పది రోజుల కింద నువ్వు చెప్పింది నిజమే. నవనీత మనల్ని అమ్మేసింది."

నవనీతని విభాగం తాలూకు ముంబై ఆఫీసు పంపింది. స్టార్టప్ స్పెషలిస్టు. సర్వర్ స్విచ్ నొక్కితే లేవడానికి ఏడు నిమిషాలు పట్టేది. ఆమె వచ్చి యాభై సెకన్లకి దింపింది. అక్కర్లేని ప్రోగ్రాములు స్టార్టప్ నుంచి పీకేసింది. మెమరీ లెక్కపెట్టడం ఆపించింది. ఒకే డిస్కు మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేవి, కంపెనీ పనికి ఎన్టీ, విభాగం పనికి లైనక్స్. ఏది కావాలని అడిగే మెనూ ముప్ఫై సెకన్లు ఆగేది. దాన్ని మూడు చేసింది. ఫ్లాపీ వైపు అసలు చూడొద్దని, నేరుగా హార్డ్ డిస్కుకే పొమ్మని బయోస్‌కి చెప్పి, పాస్‌వర్డు వేసింది. స్టాఫంతా చప్పట్లు కొట్టారు.

రాజయ్య కొట్టలేదు. గ్లాసులు తీస్తూ లెక్కపెట్టాడు. మెనూ రాకముందు తెర పదకొండు సెకన్లు నల్లగా ఉండిపోయింది. అన్నీ తెగ్గోసిన మనిషి ఆ పదకొండు సెకన్లని ఎందుకు వదిలింది? ఆ చీకట్లోనే మోడెం మీద ఎర్ర దీపం ఒక్కసారి వెలిగి ఆరింది.

అప్పుడే చీఫ్‌కి చెప్పాడు. "సార్, స్విచ్ నొక్కంగనే ముందు బయోస్ లేస్తది. అది డిస్కుల మొదటి అర్ర తెరుస్తది. బూట్ సెక్టార్. అండ్ల ఎవడుంటె వాడు చెప్పిందే నడుస్తది. ఎన్టీ గానీ, లైనక్స్ గానీ ఎన్కనే. మన తాళాలు, పాస్‌వర్డులు ఇంకా ఎన్క. కాపలోడు ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కుతడు. దొంగ ఆరింటికే వంటింట్ల కూసున్నడు."

ఆ రోజు జరిగింది ట్రయల్. అప్పటికి సర్వర్‌లో దొంగిలించాల్సింది ఏమీ లేదు. శనివారం ఢిల్లీ నుంచి జాబితా వచ్చింది. సరిహద్దు అవతల పనిచేస్తున్న తొమ్మిది మంది అసలు పేర్లు, చిరునామాలు. నవనీత పని కోసం ఆ రోజు ఆపారు గానీ, మామూలుగా ఆ సర్వర్‌ని ఎవరూ ఆపరు. ఏడాదికి ఒక్కరోజు, దసరాకి తప్ప. పూజ చేసి, పసుపు కుంకుమ పెట్టి, మిషన్లన్నీ ఆపేసి, మర్నాడు ముహూర్తం చూసి ఆన్ చేస్తారు. ఆమె ఆ ముహూర్తం కోసమే కాచుకుంది.

"తొమ్మిదీ నలభైకి నేను స్విచ్ నొక్కుతాను," అన్నాడు సోమేశ్వరరావు. "మోడెం డయల్ చేస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో మనవాడున్నాడు. అవతలి నంబరు దొరుకుతుంది. ముఠా మొత్తం మన చేతికి."

"జాబితా?"

"పోతుంది."

"దొంగ జాబితా పెడ్తె?"

"అందులో రెండు పేర్లు వాళ్లకి ముందే తెలుసట. తేడా వస్తే మాయమైపోతారు. పైనుంచి ఆర్డర్, రాజయ్యా."

"తొమ్మిది మంది సస్తరు గద సార్."

సోమేశ్వరరావు కళ్లద్దాలు తీసి తుడిచాడు. "ఆరో పేరు ఎవరిదో నాకూ తెలుసు."

ఆరో పేరు చంద్రయ్య. రాజయ్య తమ్ముడు. విభాగంలోకి వాణ్ణి తీసుకొచ్చింది రాజయ్యే. సరిహద్దు దాటే రోజు బస్సు కిటికీలోంచి వాడు అడిగింది ఒక్కటే. "అన్నా, నా పేరు మన దగ్గర్నే ఉంటది గద?" ఉంటదన్నాడు రాజయ్య.

"సమజైంది సార్," అన్నాడు ఇప్పుడు.

"ఆర్డర్ సమజైందా?"

"ఆర్డర్ సమజైంది."

ఒప్పుకున్నానని అనలేదు. సోమేశ్వరరావు ఆ తేడా పట్టుకోలేదు. గోదావరి జిల్లా మనిషి. మాట నిండుగా ఉంటేనే అందులో అర్థం వెతుకుతాడు.

తొమ్మిదింటికి రాజయ్య పసుపు గిన్నె, తడిగుడ్డ, బంతిపూల దండ పట్టుకుని గాజు గదిలోకి వెళ్లాడు. ముహూర్తానికి ముందు మిషన్ తుడిచి దండ వెయ్యడం అటెండరు పని. తలుపు దగ్గర సెక్యూరిటీ వాడు దండం పెట్టి మరీ లోపలికి పంపాడు.

గాజు బయటివాళ్లకి వీపు మాత్రమే కనిపించేలా మిషన్ ముందు కూర్చున్నాడు. తాళంచేతుల గుత్తిలో ఒకటి తాళంచెవి కాదు, స్క్రూడ్రైవరు. నాలుగు స్క్రూలు. పక్క రేకు ఊడింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ. కరెంటు లేనప్పుడు కూడా బయోస్‌కి అన్నీ గుర్తుండేది దాని చలవే. నవనీత పాస్‌వర్డు, ఫ్లాపీ వైపు చూడొద్దన్న ఆమె ఆజ్ఞ, అన్నీ. రాజయ్య కరెంటు తీగ పీకి, బ్యాటరీని గోటితో లేపి, అది ఉన్న చోట స్క్రూడ్రైవరు మొన కాసేపు ఆనించాడు. బయోస్ అన్నీ మర్చిపోయింది. ఫ్యాక్టరీలోంచి వచ్చిన నాటి అలవాటే దానికి మిగిలింది. లేవగానే ముందు ఫ్లాపీ, తర్వాతే హార్డ్ డిస్కు.

తీగ మళ్లీ పెట్టాడు. రేకు బిగించాడు. జేబులోంచి ఫ్లాపీ తీసి డ్రైవులోకి తోశాడు. పది రోజుల కింద మొదలుపెట్టి, శనివారం ముగించి పెట్టుకున్నది. దాని మీదుగా బంతిపూల దండ వేశాడు. కుంకుమ బొట్టు పెట్టాడు.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలి? బయటికి వెళ్లేటప్పుడు సెక్యూరిటీ జేబులు తడుముతాడు. నిన్నటి పూజ నుంచి అక్కడే ఉన్న హారతి పళ్లెంలో అప్పటికే నాలుగు రూపాయి బిళ్లలున్నాయి. ఐదోదిగా దాన్నీ వేశాడు.

తొమ్మిదీ ముప్ఫై ఐదు. గాజు గదిలో స్టాఫంతా కిక్కిరిశారు. నవనీత వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, జడలో మల్లెలు, చేతిలో సెల్‌ఫోను. కుర్రాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు.

"గుడ్ మార్నింగ్ సార్. యాభై సెకన్లు. స్టాప్‌వాచ్ పెట్టుకోండి."

"మీరుండగా భయమేంటండి," అన్నాడు సోమేశ్వరరావు నవ్వుతూ. అతని మెడ మీద చెమట రాజయ్యకి కనిపించింది.

శాస్త్రిగారు మంత్రం ముగించి తల ఊపారు. తొమ్మిదీ నలభై. సోమేశ్వరరావు స్విచ్ నొక్కాడు.

బీప్.

తెర మీద అంకెలు మొదలయ్యాయి. మెమరీ లెక్క. నవనీత ఆపించిన లెక్క. తాపీగా, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఆమె తీసేసిన నిదానమంతా తిరిగొచ్చింది. ఆమె నవ్వు సగంలో ఆగింది.

అంకెలు ఆగి తెల్లటి అక్షరాలు వచ్చాయి. సెట్టింగులు పోయాయి, ముందుకు పోవాలంటే ఎఫ్-వన్ నొక్కండి.

"అయ్యో, అపశకునం," అంది ఊడ్చే రాజమ్మ.

సోమేశ్వరరావు తల తిప్పి రాజయ్యని చూశాడు. రాజయ్య కూడా చూశాడు. చూపు దించలేదు.

"బ్యాటరీ వీక్ అయ్యుంటుందండి. కామన్," అంటూ నవనీత సెల్‌ఫోను బల్ల మీద పెట్టి, వంగి తనే ఎఫ్-వన్ నొక్కింది. మిషన్ లేస్తే చాలు ఆమెకి.

బంతిపూల వెనక గరగరమని చప్పుడు. రేకుల సందులోంచి చిన్న ఆకుపచ్చ దీపం.

ఆమెకి అర్థమైంది. స్పెషలిస్టు కదా. ఫ్లాపీ ముందు లేచింది. చెయ్యి దండ వైపు వెళ్లింది. డ్రైవు మీది బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, ఫ్లాపీ బయటికి వస్తుంది. మళ్లీ ఆన్ చేస్తే తన ప్రోగ్రామే లేస్తుంది. ఆ చేతికి బటన్ అందేలోగా హారతి పళ్లెం అందింది.

"అమ్మా, లక్ష్మీదేవి లెక్కున్నరు," అన్నాడు రాజయ్య. ఇన్ని నెలల్లో అతను స్టాఫు ముందు పలికిన అతి పొడుగు మాట అదే. "మీ చేతుల మీదికెంచి అందరికి హారతియ్యిన్రి."

కర్పూరం మండుతోంది. ఆమె చేతులు వాటంతట అవే పళ్లెం కింద చేరాయి. రెండు పాస్‌పోర్టులు, మూడు పేర్లు మార్చిన మనిషే. ముందుకొచ్చిన హారతిని కాదనడం మాత్రం ఆ చేతులకి ఎవరూ నేర్పలేదు.

"రండ్రి రండ్రి! హారతి ఆరిపోతది, జర తొందరగ!" రాజమ్మ కేకేసింది.

నలభై మంది కదిలారు. ఒకరి తర్వాత ఒకరు మంట మీద అరచేతులు ఆనించి కళ్లకద్దుకుంటున్నారు. బిళ్లలు పడుతున్నాయి. ఆఖరి మనిషి తీసుకునేదాకా పళ్లెం కింద పెట్టకూడదు. ఆ సంగతి గదిలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మోడెం మీద ఎర్ర దీపం వెలిగింది. డయల్.

పది సెకన్లు. ఇరవై. అవతలి మోడెం ఎత్తింది. దీపాలు రెండూ టపటపమంటున్నాయి. ఏదో పోతోంది. సోమేశ్వరరావు గడియారం వైపు చూడటం మానేశాడు.

ఇంకా ఐదుగురున్నారు. నవనీత పళ్లెం ఎడమచేతిలోకి మార్చి కుడిచెయ్యి దండ కిందికి పోనిచ్చింది. వేలికి బటన్ తగిలింది.

"ఏందమ్మా గది?" రాజమ్మ గొంతు గది కప్పుకి తగిలింది. "ఎడమ చేత్తోని హారతా? సదువుకున్నోళ్లు గిట్లనే చేస్తరా?"

అందరూ చూశారు. చంప మీద కొట్టినట్టు నవనీత కుడిచెయ్యి వెనక్కి వచ్చి పళ్లెం పట్టుకుంది. ఆలోచించి చేసింది కాదు. ఆలోచించి ఉంటే నొక్కేదే.

ఎర్ర దీపం ఆరింది. ఫ్లాపీ చప్పుడు ఆగింది. తెర మీద మెనూ వచ్చింది. ఎన్టీ కావాలా, లైనక్స్ కావాలా? స్టాఫ్ చప్పట్లు కొట్టారు.

నవనీత పళ్లెంలోకి చూసింది. బిళ్లల మధ్య ఒకదాని మీద సింహాలు లేవు. మూడు వోల్టులని ఉంది.

"నువ్వా!" అంది మెల్లగా. "గ్లాసులు కడిగేవాడివి."

"కడిగేటప్పుడు లెక్క పెడ్త," అన్నాడు రాజయ్య. "పదకొండు సెకన్లు ఎక్కువైనయమ్మా."

సోమేశ్వరరావు బల్ల మీది ఆమె సెల్‌ఫోను తీసుకున్నాడు. "మీరు నా గదిలోకి రావాలండి. కేకలొద్దు. కింద మఫ్టీలో ఆరుగురున్నారు."

అరగంట తర్వాత గదిలో ఫోను మోగింది. ఎక్స్ఛేంజ్ మనిషి పట్టిన నంబరు నిజాంపేటలో కొత్త ఫ్లాటుది. కూకట్‌పల్లిలో కాచుకున్న జీపులు అప్పటికే వెళ్లి తలుపు విరగ్గొట్టాయి. ఇద్దరు విదేశీయులు దొరికారు, ఒక ట్రాన్స్‌మిటరు కూడా. జాబితా ప్రింటవుట్ వాళ్ల ముందే ఉంది. ఇంకా ఎక్కడికీ పంపలేదు. ఒకడు ఎర్ర పెన్సిలుతో పదాల కింద గీతలు గీస్తూ కూర్చున్నాడట.

"ఏముంది అందులో?" అన్నాడు సోమేశ్వరరావు ఫోన్లో. విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. ఫోను పెట్టేసి రాజయ్య వైపు తిరిగాడు.

"గుమ్మడికాయలు మూడు, నిమ్మకాయలు నలభై, బంతిపూలు ఐదు కిలోలు... ఏంటయ్యా ఇది?"

"పూజ సామాను సార్. ఫ్లాపీ ఆమె నంబరుకే కొట్టి, జాబితా జాగల దీన్ని పంపింది. తొమ్మిది లైన్లున్నయ్. నా దగ్గరున్న రాత అదే."

"నిమ్మకాయలంటే ట్యాంకులని రాసుకున్నాడట వాడు." సోమేశ్వరరావు నవ్వబోయి ఆగాడు. "బూట్ సెక్టార్?"

"ఆమె దాసిపెట్టిన అసలుది మళ్ల ఎక్కించి పెట్టిన. ఫ్లాపీనే చేసింది."

"నువ్వు ఆర్డర్ మీరావు."

"మీరిన సార్."

"ఢిల్లీకి ఏం రాయమంటావు?"

"ఉన్నది రాయిన్రి. తొమ్మిది మందిని అమ్మి ముఠాని కొనుమన్నరు, నేను కొనలేదు. మళ్ల గిసుంటి ఆర్డరొస్తే మళ్ల మీరుత. నౌకరి తీస్తరా, తియ్యిన్రి. వాని పేరు మన దగ్గర్నే ఉంటదని మాటిచ్చిన."

కుర్చీలో కూర్చున్న నవనీత తలెత్తి అతన్ని చూసింది.

సోమేశ్వరరావు కాగితం తీసుకుని పెన్ను మూత విప్పాడు. చాలాసేపు ఏమీ రాయలేదు. చివరికి ఒక్క లైను రాశాడు. 'జాబితా బయటికి పోలేదు. ఆన్ చెయ్యడంలో బ్యాటరీ ఇబ్బంది తప్ప అంతా ఆర్డర్ ప్రకారమే.' సంతకం పెట్టి రాజయ్య వైపు తిప్పాడు. రాజయ్య చదివి, తిరిగి జరిపాడు.

ఆమెని తీసుకెళ్లే వ్యాన్ రాయదుర్గం దగ్గర రాళ్ల లారీల వెనక ఇరుక్కుంది. ఇంకో గంట పడుతుందన్నారు. రాజమ్మ తలుపు తోసుకుని వచ్చి మూడు విస్తరాకులు బల్ల మీద పరిచింది. "ప్రసాదం కాదంటె పాపం," అని ముగ్గురికీ ఒకే లెక్కన పులిహోర వడ్డించి వెళ్లిపోయింది.

సోమేశ్వరరావు చేతులు కడుక్కొచ్చాడు. నవనీత చేతులకి వేసిన బేడీలు రాజయ్య విప్పి పక్కన పెట్టాడు. కుర్చీ లాక్కుని వాళ్ల పక్కనే కూర్చున్నాడు. అటెండరు అలా కూర్చోవడం ఆ గదిలో అదే మొదలు.

ముగ్గురూ తిన్నారు. బయట ఎక్కడో రాయి పేలింది. పులిహోరలో ఉప్పు లేదని ముగ్గురికీ మొదటి ముద్దలోనే తెలిసింది. ముగ్గురూ రహస్యాలు దాచడంలో శిక్షణ పొందినవాళ్లే గనక ఆ సంగతి గది దాటి పోలేదు.