గడ్డిగుళిక

కుజుడి మీది కుంకుమగుట్ట కాలనీలో ఆ వారం చపాతీ అరచేతికంటే చిన్నదైంది. భూమి నుంచి బయల్దేరిన సరుకుల ఓడ దారిలోనే పాడైపోయింది. మరొకటి రావడానికి ఏడు నెలలు పడుతుంది. ఆరువందల మందికి గిడ్డంగిలో ఉన్న గోధుమలు నలభై రోజులకే సరిపోతాయి. గోధుమగడ్డి మాత్రం పైకప్పు దాకా పేరుకుని ఉంది.

జీవరసాయన శాస్త్రజ్ఞురాలు హైమవతి ఆ గడ్డినే నమ్ముకుంది. గింజలోని పిండిపదార్థమైనా గడ్డిలోని సెల్యులోజ్ అయినా గ్లూకోజ్ అణువుల గొలుసే. ముడిపడిన తీరే వేరు. మొదటి ముడిని విప్పే ఎంజైమ్‌లు మనిషి లాలాజలంలోనూ చిన్నపేగులోనూ ఉన్నాయి. రెండో ముడిని విప్పేది మనిషి ఒంట్లో లేదు. దాన్ని హైమవతి తయారుచేసి ‘పీచుభేదిని’ అని పేరు పెట్టింది. అందరి నోటా అది గడ్డిగుళిక అయింది.

భయమల్లా వేగం గురించే. ముడులన్నీ ఒక్కసారిగా విడిపోతే రక్తంలో చక్కెర అదుపు తప్పుతుంది. అందుకే మొదటి గుళిక తనే మింగి, గ్లాసెడు గడ్డిపిండి జావ తాగింది. ఆమె సహాయకుడు మస్తాన్ చక్కెరను దించే విరుగుడు సూది చేతపట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

“ఎనభై నాలుగు,” తెర చూసి చెప్పాడు. అరగంట గడిచినా అంకె కదలలేదు. ఆ తర్వాత ఆగకుండా ఎక్కడం మొదలుపెట్టింది.

“నూట తొంభై. మేడమ్, చెమటలు పడుతున్నాయి మీకు.”

“పట్టనీ.”

“రెండొందల అరవై. మూడొందలు దాటితే మీరు వద్దన్నా పొడిచేస్తా.”

“ఇప్పుడు విరుగుడు వేస్తే మళ్ళీ మొదటికొస్తాం. అంత వ్యవధి మనకి లేదు మస్తాన్.”

రెండొందల తొంభై ఒకటి. మస్తాన్ సూది మూత తీశాడు. హైమవతి కళ్ళు మూసుకుంది.

“రెండొందల తొంభై ఒకటి దగ్గరే ఆగింది,” అన్నాడతను కాసేపటికి. తర్వాత సూదికి మళ్ళీ మూత పెట్టాడు. “దిగుతోంది మేడమ్.”

పదిరోజుల్లో గుళికలు అందరికీ సరిపడా తయారయ్యాయి. పదకొండో రోజు భోజనశాల తలుపు మీద రెండు జాబితాలు కనిపించాయి. సొరంగ కార్మికులకు, సహాయకులకు గడ్డిపిండి. అధికారులకు, శాస్త్రజ్ఞులకు గోధుమ.

హైమవతి నేరుగా కాలనీ అధికారి సోమశేఖరం దగ్గరికి వెళ్ళింది. “గోధుమ అందరికీ సమంగా పంచి, చాలనిచోట గడ్డి అనుకున్నాం కదండీ?”

“అప్పుడు వాళ్ళకి గడ్డి అరుగుతుందో లేదో తెలీదు కాబట్టి అనుకున్నాం. ఇప్పుడు అరుగుతోందిగా. మీరు తిని చూపించారు కూడా. ఉన్న గోధుమ మన యాభై మందికి ఓడ వచ్చేదాకా సరిపోతుంది.”

ఆమె పళ్ళెంలో ఆ పూట పెద్ద చపాతీ పడింది. ఆవిరి ఇంకా పోలేదు. దాన్ని సగానికి తుంచి, అవతలి బల్ల దగ్గర ఒంటరిగా జావ తాగుతున్న మస్తాన్ ముందు పెట్టింది.

అతను మర్యాదగానే వెనక్కి జరిపాడు. “వద్దులెండి మేడమ్. నాకిది అరుగుతుంది.”

హైమవతి ఆ సగం తీసుకుని తన బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. ఇక తినకూడదనుకుంది. గోధుమ వాసనకి నోట్లో నీళ్ళూరాయి. తల వంచుకుని ఆ సగం తింది, తర్వాత మిగిలిన సగం కూడా తింది.