బొత్తాం ముట్టుకోనివ్వని కుర్దిన్

పొగగొట్టాలు శుభ్రం చేసేవాడి కోటు బొత్తాం ముట్టుకుంటే అదృష్టం కలిసొస్తుందని స్విట్జర్లాండ్ కొండల్లోని మా ఇలాంట్స్‌లో చంటిపిల్లల నుంచి చర్చి ఫాదర్ దాకా అందరికీ నమ్మకం. ఆ నమ్మకమే, నా దగ్గర ఆ పనే చేసే మా మేనల్లుడు కుర్దిన్ కొంప ముంచింది.

ఆ రోజు స్కూల్లో వృత్తుల మేళా. చదువవగానే ఏ పనిలో చేరి నేర్చుకోవచ్చో ఎనిమిదో తరగతి పిల్లలకి చూపించే రోజు. బేకరీ వాళ్ళ బల్ల దగ్గర జాతర. బ్యాంకు వాళ్ళ దగ్గర పెన్నులు ఫ్రీ. నల్లకోటు, పొడుగు టోపీతో నిలబడ్డ మావాడి దగ్గరా జనమే. కాకపోతే కోటు బొత్తాం ముట్టుకోవడం, పారిపోవడం!

"ఆగండ్రా! మూడేళ్ళు నేర్పుతాం. నేర్చుకుంటుండగానే జీతం. వారంలో ఒకరోజు క్లాసు. ఆపైన, పాసైతే సొంతంగా పని పెట్టుకునే మాస్టర్ పరీక్ష..."

"థ్యాంక్స్ అన్నా! రేపు లెక్కల పరీక్ష, అది గట్టెక్కితే చాలు!"

అప్పుడొచ్చింది లదీనా టీచర్. "ఏమండీ, పని గురించి చెప్పడానికొచ్చారా, చర్చిలో విగ్రహంలా నిలబడ్డానికొచ్చారా?"

"కొవ్వొత్తి ఒక్కటే తక్కువండి. మీరూ ముట్టుకుని పొండి."

"నాకలాంటి నమ్మకాల్లేవు!" అంటూ కోపంగా వాడి బ్రష్షు పక్కకి నెట్టి, అదే చేత్తో ముక్కు రుద్దుకుంది. ముక్కంతా మసి. చెప్పకుండా గుడ్లప్పగించి చూశాడు వెధవ.

అప్పట్నుంచి వాడికి కాలు ఒకచోట నిలవదు. కాఫీలో ఉప్పేసుకున్నాడు. (డబ్బాలు మార్చింది నేనే, అది వేరే సంగతి.) రోగం తెలిసి నేనే, "స్కూలు పొగగొట్టం చూసి రారా" అని పంపేవాణ్ణి. అద్దంలా ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ.

కిటికీల్లోంచి పిల్లల అరుపులు: "టీచర్! మీ పొగగొట్టం మళ్ళీ మూసుకుపోయిందట!"

"నోళ్ళు ముయ్యండి!" అంటూ ఎర్రబడేది లదీనా. "ఎలాగూ వచ్చారుగా, మీ పని గురించి క్లాసులో చెప్పి పొండి."

చెప్పేవాడు. సెరైనా అనే పిల్ల, సెలవుల్లో వారం మా వెంట తిరిగి పని చూస్తానని పేరు కూడా ఇచ్చింది.

అంతలో పిడుగులాంటి కబురు. పిల్లలకి వృత్తి సలహాలిచ్చే ఆఫీసులో లదీనాకి ఇంటర్వ్యూ. ఎక్కడో రెండు గంటల దూరంలో ఉన్న జూరిక్‌లో!

ఇంటర్వ్యూ రోజు పొద్దున స్టేషన్లో వాన. సాగనంపడానికి వెళ్ళిన మావాడి వైపు లదీనా గొడుగు కింద నుంచి చెయ్యి చాపింది.

"నమ్మకాల్లేవన్నారుగా?"

"ఇవాళ్టికి ఉన్నాయి. ఒక్క బొత్తాం."

మావాడు చటుక్కున వెనక్కి జరిగాడు. "వద్దు."

"ఊరంతా ముట్టుకోవచ్చు, నేను పనికిరానా?"

వీడు కోటు బొత్తాలు రెండు చేతులతో మూసుకున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ రైలెక్కేసింది.

తడిసి ముద్దై నా దగ్గరికొచ్చాడు. "మామా, ఆ ఉద్యోగం వస్తే నా గతేంటి?"

"రాకపోతే ఆవిడ గతేంట్రా? నచ్చిన దారి పట్టండని పిల్లలందరికీ చెప్తావు, ఈ పిల్ల దారికి మాత్రం అడ్డం పడతావా?"

మరుక్షణం లేడు. పని బట్టలతోనే తర్వాతి రైలెక్కాడు. దారిలో చూర్ స్టేషన్ దాటేసరికి బోగీలో వాళ్ళంతా తడిమి తడిమి కోటుకి ఒకే ఒక్క బొత్తాం మిగిల్చారట. జూరిక్‌లో ఆ ఆఫీసు మెట్ల మీద, పిలుపు కోసం చూస్తూ ఆవిడ దొరికింది.

"ముట్టుకోండి," అన్నాడు రొప్పుతూ. "పొద్దున భయమేసింది. అదృష్టం పనిచేస్తే మీరు వెళ్ళిపోతారని."

లదీనా బొత్తాం వంక చూడనైనా చూడలేదు. మసి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బుద్ధి లేదూ? ఈ ముక్క స్టేషన్లోనే చెప్పొచ్చుగా!" అని లోపలికి పరిగెత్తింది.

వానలో ఆ వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. ఎట్టకేలకు లదీనా బయటికొచ్చింది.

"వచ్చింది ఉద్యోగం!"

"సంతోషం," అన్నాడు, మొహం వేలాడేసుకుని.

"మీరూ వచ్చెయ్యండి. ఇక్కడ మాత్రం పొగగొట్టాల్లేవా?"

"ఈ ఊళ్ళో నాకెవరూ తెలీదు."

"నేను తెలుసుగా!"

వెంటనే మావాడి నుంచి నాకు ఫోన్. "మామా... ఇకమీదట... పనికి..."

"అర్థమైందిలేరా. సెరైనా నా దగ్గర పని నేర్చుకుంటానంటోంది, నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు మాత్రం లదీనా వాళ్ళింటికి వెళ్ళేముందు శుభ్రంగా స్నానం చెయ్యి. వాళ్ళమ్మ కొత్తగా తెల్లసోఫా కొంది!"