మావయ్య గుప్పిట

పరుగు!

స్టేజీ వెనక చీకటి. వెనకాల బూట్ల చప్పుడు... దగ్గరవుతోంది!

మేనల్లుడు మెట్ల కింద దూరి ఊపిరి బిగబడతాడు.

ఇందాక మేజిక్ షో మధ్యలో, హాలు ఓనరు మేనేజర్ని కాల్చి చంపడం వాడు కళ్ళారా చూశాడు.

ఓనరు కూడా వాణ్ణి చూశాడు!

భయానికి వేళ్ళు వాటంతటవే పనిలో పడ్డాయి. జేబులో నాణెం కుడిచేతిలోకి... అక్కణ్ణుంచి ఎడమ గుప్పిట్లోకి వేసినట్టే వేసి... మాయం!

నాణెం జారింది.

ఠంగ్!

నాణెం దొర్లుకుంటూ పోయి ఎవరి కాలికో తగిలి ఆగింది.

అయిపోయింది!

"నేన్రా, అల్లుడూ!"

మావయ్య! మేజిక్ నేర్పినవాడు. నాన్న పోయాక అమ్మనీ తననీ సాకినవాడు.

"ప్రాణం మీదికొచ్చినా అదే తప్పా? నాణెం దాచిన చేతిని చూస్తావేంరా! ఖాళీ గుప్పిటని చూడు. అందులోనే ఉందని ముందు నువ్వు నమ్ము. అప్పుడే జనం నమ్ముతారు."

"ఇప్పుడా పాఠాలు మావయ్యా! వాడి దగ్గర పిస్టల్ ఉంది!"

"ఉంది. తూటా లేదు!"

"ఏంటీ?"

"పాత పిస్టల్. ఒక్కటే పడుతుంది. మళ్ళీ నింపి మేకప్ టేబుల్ మీద పెట్టి ఫోనెత్తాడు. అంతే... తూటా లేపేశా!"

మావయ్య ఎడమ గుప్పిట బిగించి పైకెత్తుతాడు. కళ్ళు దాని మీదే.

"ఏదీ, చూడనీ."

"ముచ్చట్లకిదా టైము? గేటు దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా వెళ్ళు. తోసేసి రోడ్డెక్కు. నీ వెనకే నేనొస్తా."

"నిజంగా లేదుగా?"

"మీ అమ్మ మీద ఒట్టు!"

ఇంకేం కావాలి?

మేనల్లుడు తలుపు తోసుకుని బయటికి నడుస్తాడు. ఆవరణలో ఒకటే ట్యూబులైటు. దాని కింద ఓనరు.

పిస్టల్ లేస్తుంది.

వాడు ఆగడు. పైగా నవ్వుతాడు!

"కాల్చుకోండి సార్! చప్పుడొస్తుందేమో చూద్దాం!"

వెనక అడుగుల చప్పుడు లేదేం?

తిరిగి చూస్తాడు.

మావయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గుప్పిట ఇంకా బిగించే ఉంది. చూపు మేనల్లుడి మీద లేదు. ఆ గుప్పిట మీదే ఉంది. ఎంతో ముద్దుగా... అందులో నిజంగా ఏదో ఉన్నట్టు!

ఇందాకటి పాఠం గుర్తొచ్చింది.

ఖాళీ గుప్పిటని చూడు...

"మావయ్యా... చెయ్యి తెరువు!"

తెరవడు.

దేవుడా! మేనమామ చేతిని నమ్మడం కూడా తప్పేనా?

"మాటంటే మాటే, పెద్దాయనా!" ఓనరు గొంతు. "రేపట్నుంచి హాలు నీదే!"

మావయ్య వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి.

ఏమీ లేదు.

ఢాం!