వోల్టేజ్ తగ్గించిన చెయ్యి

యానిమేషన్ సినిమాలు చేసే ఆవిడ డిటెక్టివ్ ఆఫీసులో కూర్చుంది గానీ, ఒళ్ళో సంచి దించలేదు. పక్కనే భర్త, ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఆవిడ నీళ్ళు తాగేదాకా ఆగి గ్లాసు అందుకున్నాడు. నోరు తుడుచుకోమని తన రుమాలిచ్చాడు. డిటెక్టివ్ సహాయకురాలికి ముచ్చటేసింది.

ఆవిడ కంప్యూటర్ మామూలు పనికి బాగానే ఉంటుంది. బొమ్మలన్నీ కలిపి సినిమాగా రెండర్ చేసేటప్పుడే నడిమధ్యలో చచ్చిపోతుంది. మెకానిక్ వచ్చి మదర్‌బోర్డు బ్యాటరీ తీసి పెడితే సెట్టింగులు మొదటికొచ్చి బాగవుతుంది. మళ్ళీ రెండర్ నాటికి అదే తంతు. ఎవరో కంప్యూటర్ లోపలి సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్ళి క్లాక్ స్పీడ్ పెంచి, వోల్టేజ్ తగ్గిస్తున్నారని మెకానిక్ తేల్చాడు. చాకిరీ పెంచి కూడు తగ్గించినట్టన్నమాట. ఈసారి కూడా సినిమా అందకపోతే కంపెనీ ఆవిడ గడప తొక్కదు.

"మా మరిదేనండీ. ఆటల కోసం స్పీడు పెంచుతుంటాడు. వాడితో మాటలు మానేశాను," అంది.

పోనీలే, చిన్నవాడన్నాడు భర్త. తనకైతే దాన్ని ఆన్ చెయ్యడమే రాదన్నాడు. అంటూనే లేచి, చేతి గడియారం చూసుకుని, గోడ గడియారం ముల్లు ముందుకు జరిపాడు. వెనకుందట.

ఆ గడియారాన్ని నమ్మి ఆఫీసుకు తాళం వేసిన సహాయకురాలు బస్టాపుకి పది నిమిషాలు ముందే చేరి ఊరికే నిలబడింది. మర్నాడు ఆ సంగతి చెప్పి గొణిగితే డిటెక్టివ్ నవ్వలేదు. పద, వాళ్ళింటికి వెళ్దామన్నాడు.

మరిది ముఖం మాడ్చుకుని ఉన్నాడు. "స్పీడు పెంచితే వోల్టేజ్ కూడా పెంచుతాను సార్. తగ్గిస్తే ముందు ఆగేది నా ఆటే కదా." తన పేరు పాడవుతోందని మెకానిక్ వాపోయాడు. తను పని చేసినంతసేపూ ఆవిడ భర్తే టార్చి పట్టుకుని, పక్కన నిలబడి అన్నీ అడిగి తెలుసుకుంటాడని మెచ్చుకున్నాడు కూడా. డిటెక్టివ్ మెకానిక్ చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత అందరితో, ఇదంతా వేడివల్ల వచ్చిందనీ, ఫ్యాను మార్చామనీ, రేపు రెండర్ పెట్టుకోవచ్చనీ అన్నాడు.

మర్నాడు అందర్నీ కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి బయోస్ తెరిపించాడు. వోల్టేజ్ మళ్ళీ తగ్గి ఉంది. ఆవిడ మరిది వైపు చూసింది.

"అతను కాదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "నిన్న బ్యాటరీ తీయించాను. తీస్తే ఇందులో టైము కూడా పోతుంది. మెకానిక్ ఎప్పుడూ దిద్దుతాడు, నిన్న నేనే వద్దన్నాను. దీనికి ఇంటర్నెట్ లేదు, తనంతట తాను దిద్దుకోలేదు. అయినా చూడండి, ఎవరో దిద్దారు. అసలు టైముకి సరిగ్గా పది నిమిషాలు ముందుకి. మీ మరిదీ, మెకానికూ టైము ఫోన్లో చూస్తారు. చేతి గడియారం పది నిమిషాలు ముందుండి, తప్పు గడియారం కనబడితే చెయ్యి ఊరుకోని మనిషి ఒక్కరే ఉన్నారు ఈ గదిలో."

భర్త చొక్కా చెయ్యి మణికట్టు మీదికి లాక్కున్నాడు.

"నీ కోసమే," అన్నాడు చివరికి, మెత్తగా. "నిద్రల్లేక కళ్ళు గుంటలు పడుతున్నాయి. నువ్వే విసిగి మానేస్తావనుకున్నాను."

సహాయకురాలికి పాచి పట్టిన నీళ్ళలో చెయ్యి పెట్టినట్టుంది ఆ మెత్తదనం.

"ఆగిపోయిన ప్రతిసారీ నా తల నిమిరారు," అంది ఆవిడ. "తగ్గించి వచ్చి నిమిరేవారా?"

అతను దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపింది, బల్లి మీద పడబోతే జరిగినట్టు.

"ఒరేయ్, వోల్టేజ్ ఎంతుండాలో నువ్వే పెట్టు," అంది మరిదితో. చాలా రోజులకి వదిన గొంతు విన్న మరిది కీబోర్డు ముందు కూర్చున్నాడు.

రెండర్ మొదలైంది. ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా అంది, "మీరు బయటికెళ్ళండి. నాకు పనుంది."