ఎర్ర టేపు

మా కొట్లో ఒక పద్ధతుంది. చచ్చిపోతున్న హార్డ్‌డిస్కు బల్ల మీదికి రాగానే ముందు దానికి ఎర్ర టేపు అంటించాలి. దాంట్లోది ఎక్కించబోయే కొత్త డిస్కుకి పచ్చ టేపు. వైర్ల సంగతి ఆ తర్వాతే. ఈ పద్ధతి పెట్టింది మా ఓనరు. డిస్కు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి రోగం చెప్పేస్తాడని అందరూ ఆయన్ని డాక్టరంటారు.

నేను చేరి మూడో నెల. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే దొరికిన ఉద్యోగం.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొట్లో నేనొక్కదాన్నే. బయట ముసురు. జల్లు లోపలికి కొట్టకుండా షట్టర్ సగం దించాను. తడి గోనెపట్టా వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. బల్ల మీద దీపం తప్ప అంతా మసక.

షట్టర్ కింద నుంచి ఒకాయన వంగి లోపలికొచ్చాడు.

"పెద్దవాళ్ళెవరూ లేరా?"

"నేను చూస్తాను సార్. కంప్యూటర్ ఏం చేస్తోంది?"

"ఆన్ అవడానికి పావుగంట. ఫైలు నొక్కితే బిగుసుకుపోతుంది. లోపల టిక్కుటిక్కుమంటోంది." డిస్కు బల్ల మీద పెట్టాడు గానీ చెయ్యి తియ్యలేదు. "ఇందులో మా ఆవిడ గొంతుంది. పోయే ముందు రోజూ కాసేపు మాట్లాడి దాచింది. ఇంకెక్కడా లేదు. విన్నావా? ఇంకెక్కడా లేదు."

"సాయంత్రం రండి సార్."

"దీనికేమైనా అయిందో..." నా మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టు చూసి వెళ్ళిపోయాడు.

డాక్టరుకి ఫోన్ చేశాను.

"కాపీ తీసేదాకా రిపేరు జోలికెళ్ళకు. పోయిన నెల ఒకళ్ళ ఫొటోలన్నీ చెరిపేసిన ఘనకార్యం చాలు. ఇంకోటి చేశావో, రేపట్నించి రానక్కర్లేదు తల్లీ."

స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాను. టిక్... టిక్... మధ్యలో గోరుతో రేకు గీరినట్టు. డిస్కు ఆరోగ్యం చూపించే రిపోర్టు తెరిచాను. పాడైన సెక్టార్లు, అంటే ఇక చదవలేని ముక్కలు, నేను చూస్తుండగానే పెరుగుతున్నాయి. ఎక్కువసేపు బతకదు. గబగబా కొత్త డిస్కు విప్పి పక్కన పెట్టాను. అదే కంపెనీ, అదే సైజు, అదే నలుపు. అప్పుడు గుర్తొచ్చింది టేపు. ఒకదానికి ఎర్రది, ఒకదానికి పచ్చది అంటించాను. ఎర్ర దాంట్లోంచి పచ్చ దాంట్లోకి కాపీ మొదలెట్టాను.

ఎంత బాగా సాగిందో. ఇరవై శాతం. నలభై. ఒక్క తప్పూ రాలేదు. నా చెయ్యి మంచిదే అనుకున్నాను.

నలభై ఎనిమిది దగ్గర అనుమానమొచ్చింది.

చచ్చిపోతున్న డిస్కు ఇలా చదవదు. తడబడాలి. ఆగాలి. మళ్ళీ మొదలెట్టాలి.

స్క్రూడ్రైవర్ పచ్చ టేపు డిస్కు మీద పెట్టి, పిడి చెవికి ఆనించాను.

టిక్... టిక్...

టేపులు తారుమారు చేశాను. కొత్తదాంట్లోని ఖాళీనంతా తెచ్చి ఆవిడ గొంతు మీద పోస్తున్నాను.

"ఆపు."

చెవిలోనే. ఆడగొంతు. వేడి ఊపిరితో సహా.

"అమ్మాయ్... ఆపు. ఇంకా సగం ఉన్నాను."

మౌస్ మీద చెయ్యి వేశాను. ఆపితే సగం తుడిచిన డిస్కు మిగులుతుంది. డాక్టరు చూస్తే ఎవరి పనో నిమిషంలో చెప్పేస్తాడు. పూర్తిగా తుడిచేస్తే... వచ్చేటప్పటికే ఇందులో ఏమీ లేదనొచ్చు.

చెయ్యి తీసేశాను.

స్క్రూడ్రైవర్ మాత్రం తియ్యలేకపోయాను. డెబ్భై. ఆవిడ బతిమాలింది. ఎనభై. తిట్టింది. తొంభై దాటాక మాటల్లేవు... ఊపిరి ఒక్కటే. నూరు. అదీ లేదు.

చీకటి పడకముందే ఆయనొచ్చాడు. వైర్లన్నీ పీకేసి డిస్కు చేతికిచ్చాను.

"ఖాళీగా ఉంది సార్. మా దగ్గరికొచ్చేసరికే..."

ఆయన అరవలేదు. డిస్కు మళ్ళీ బల్ల మీద పెట్టి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఎలా పట్టుకోవాలో ఆయనకెవరూ చెప్పలేదు.

"కరెంటు లేదు సార్ దానికి..."

"ష్."

చాలాసేపు విన్నాడు. మొహం నిండా నవ్వు. తల ఊపాడు. "ఊఁ... ఊఁ..." తర్వాత నవ్వు పోయింది. కళ్ళు నా వైపు తిరిగాయి.

"నీకు వినపడిందట కదా."

నేనొక అడుగు వెనక్కి వేశాను.

"ఆపమంటే చెయ్యి తీసేశావట."

"సార్, అది..."

"అరవకు. వింటోంది." మళ్ళీ పిడి చెవికి పెట్టుకున్నాడు. "అలాగే... అలాగేలే." స్క్రూడ్రైవర్ జాగ్రత్తగా కింద పెట్టాడు. "ఇందులో ఇక తనకి చోటు లేదంటోంది. మీ నాయనమ్మకి మాట పడిపోయి నాలుగేళ్ళయిందా?"

ఇంట్లో మంచానపడ్డ నాయనమ్మ సంగతి కొట్లో ఎవరికీ చెప్పలేదు నేను. డాక్టరుకి కూడా.

ఆయన డిస్కు అక్కడే వదిలేసి, షట్టర్ కింద వంగి వానలోకి వెళ్ళిపోయాడు.

ఫోన్ మోగింది. అమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు.

"ఒసే, నాయనమ్మకి మాటొచ్చిందే! మంచం మీంచి తనే లేచి నడిచింది! నీ గది ఎటని అడిగి మరీ వెళ్ళింది. ఇన్నేళ్ళుగా ఉన్న ఇల్లే తెలీట్లేదు, పిచ్చిది."

"అమ్మా... బయటికొచ్చెయ్. ఇప్పుడే."

"వానలో ఎక్కడికే? లోపల గడియ వేసుకుంది. నువ్వెప్పుడొస్తావని ఇప్పటికి పదిసార్లడిగింది." అమ్మ గొంతు సన్నబడింది. తలుపుకి చెవి ఆనించినట్టుంది. "ఒక్కత్తే కదే లోపలుంది... రెండు గొంతులు వినిపిస్తున్నాయేంటి? ఒకటి ఎవరిదో... నవ్వుతోంది. ఇంకోటి మీ నాయనమ్మదే..."

"అమ్మా..."

"ఏడుస్తోందే. నాలోంచి వెళ్ళిపో అని ఏడుస్తోంది."