పులుపు తగిలినా వదలని ఇనుము

"దొంతన్‌పల్లి టమాటా ఉన్నదా అన్నా?"

"షాబాద్‌ది ఉన్నది. ఏరుకో."

కోడ్ కుదిరింది. చేవెళ్ల కూరగాయల మార్కెట్లో సమత బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. నలభై ఆరేళ్ల సీక్రెట్ ఏజెంట్. మూడు వారాలుగా మొయినాబాద్‌లోని ఒక ఫామ్‌హౌస్‌లో వంటమనిషి వేషం. టమాటాలమ్మేవాడి వేషంలో ఉన్న మల్లప్ప ఆమె చీఫ్.

"ఇయ్యాల పదకొండుకు పనోళ్లందరికీ బలమొచ్చే తాకత్ సూది అంటరు," తూకం వేస్తూ అన్నాడు మల్లప్ప. "నమ్మకు. రక్తంల ఇనుమును మోసే ప్రోటీన్ ఉంటది, ట్రాన్స్‌ఫెరిన్. ఇనుమును ఎత్తుకపోయి కావాల్సిన కాడ దింపుతది. ఆ ఫామ్‌హౌస్‌ల దాగిన విదేశీ ముఠా దానికి నకిలీ చేసింది. ఎత్తుకుంటది గాని దింపది. నెల తిరగకముందే మనిషి పోతడు. ముందు మనోళ్ల మీద టెస్ట్, తర్వాత విషంగ అమ్మకం."

"ఇప్పుడే రెయిడ్ చేయరాదు సార్?"

"మనం గేటు దాటేలోపు సింక్‌ల పోస్తరు. మందు సిరంజిలకు ఎక్కాలె. ఆ ముఠాల పనిచేసే డాక్టర్ మేఘ మన మనిషే. నకిలీది తీసి అసలుది పెడతనన్నది. కాని ఆమె అటుగూడ పనిచేస్తున్నదని నా అనుమానం. రెండూ గులాబీ రంగే. పులుపు తగిలితే అసలుది ఇనుము వదిలేస్తది, రంగు పోతది. నకిలీది వదలది. నకిలీ అయితే 'అన్నం మాడింది' అను. టీమ్ రెండు నిమిషాలల్ల వస్తది."

సమత చెవికమ్మలోని మైక్ సర్దుకుంది.

పదకొండుకు ఫామ్‌హౌస్ వరండాలో పనివాళ్ల వరుస. అందరికంటే ముందు వాచ్‌మన్ భార్య లక్ష్మమ్మ. మూడు వారాలుగా సమత పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరిగిన మనిషి. జాకెట్ చెయ్యి అప్పుడే పైకి మడుచుకుంది. ఎదురుగా కుర్చీలో ముఠా నాయకుడు, తెల్లజుట్టు విదేశీయుడు.

పట్టుచీర, ఎర్రని లిప్‌స్టిక్‌తో మేఘ స్టీల్ ట్రే పట్టుకుని వచ్చింది. సమత పక్కనుంచి పోతూ, "సేఫ్. మార్చేసిన," అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక సమతకు భయం ఇంకా ఎక్కువైంది.

"ఆగు డాక్టరమ్మా," అంది లక్ష్మమ్మ. "కొత్త సూది. దిష్టి తీయకుంట నేను పొడిపిచ్చుకోను."

మేఘ విసుక్కుంది. విదేశీయుడు మాత్రం ముచ్చటపడి ఫోన్‌తో వీడియో మొదలుపెట్టాడు. లక్ష్మమ్మ కొంగులోంచి నిమ్మకాయ తీసి ట్రే చుట్టూ మూడుసార్లు తిప్పింది.

"ఇటియ్యి అక్కా, నేను కోస్త." సమత వంటింటి కత్తితో ట్రే మీదే నిమ్మకాయ కోసింది. రసం ట్రే అంచున చేరింది.

మేఘ సిరంజి నింపి, సూది పైకెత్తి, అలవాటుగా గాలి బయటికి తోసింది. రెండు చుక్కలు నిమ్మరసంలో పడ్డాయి.

ఒక క్షణం. రెండు. మూడు. గులాబీ రంగు పోలేదు.

సమత గొంతు పెంచింది. "అన్నం... అన్నం మాడింది."

"పోయి చూస్కో," అంటూ మేఘ లక్ష్మమ్మ చెయ్యి పట్టుకుంది.

టీమ్ రావడానికి రెండు నిమిషాలైనా పట్టొచ్చు. సూది మొన అప్పటికే చర్మాన్ని తాకింది. సమత రెండు చేతులతో మేఘ మణికట్టు పట్టుకుని, సూదిని ఆమె చేతివైపే తిప్పింది.

"ముందు మీరు తీసుకోండి మేడం. మాకు ధైర్యమొస్తది."

"నో, ఇట్ విల్ కిల్ మీ," మేఘ కేక పెట్టింది.

విదేశీయుడి ఫోన్ ఆ మాటను కూడా రికార్డు చేసింది. అతని రెండో చెయ్యి కోటులోకి పోయింది. సమత మేఘ మణికట్టు మాత్రం వదల్లేదు. పిస్టల్ సగం బయటికొచ్చేసరికి బయట కాపు కాసిన పూల వ్యాన్ ఒకటి గేటును గుద్దుకుని లోపలికొచ్చింది. అందులోంచి దూకిన మల్లప్ప మనుషులు అతన్ని నేలకు అదిమి, మేఘను పట్టుకున్నారు. నిండు సిరంజి సాక్ష్యాల పెట్టెలోకి చేరింది.

సమత గోడకానుకుని కూలబడింది. మేఘ ఇంగ్లీషు మాట అర్థం కాని లక్ష్మమ్మ వచ్చి ఎదురుగా నిలబడి, జాకెట్ చెయ్యి కిందికి దింపుకుంది.

"పైసా తీస్కోకుంట పుక్కట్ల ఇచ్చే తాకత్ సూది చేజారిపాయె. నా వంతు వచ్చినంకనే నీకు కొట్లాట యాదికొచ్చిందా చెల్లె?"