మామగారి మాత్ర

విందులో దౌత్యవేత్త గ్లాసెడు నీళ్ళు తాగాడు. భోంచేశాడు. గుండెల్లో మంటగా ఉందంటూ తెల్లటి మాత్ర ఒకటి నమిలాడు. కుర్చీలోనే ఒరిగిపోయాడు. అదే జగ్గులో నీళ్ళు తాగిన సెక్రటరీ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

"ఎలా చచ్చాడో కనుక్కోవయ్యా అల్లుడూ," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, తనూ అలాంటి మాత్రే ఒకటి నోట్లో వేసుకుంటూ. అల్లుడు, ఏజెంట్ తాబేలు గొంతు వింటే చాలు, ఆయన కడుపులో పులుపు పొంగుతుంది. ఆఫీసంతటికీ తెలిసిన జోకే.

శత్రువులకూ ఆ జోకు తెలుసని తాబేలుకు ఆలస్యంగా అర్థమైంది. ఆ నీళ్ళ ఆచూకీ పట్టి, పులుపు కొలిచే పీహెచ్ మీటర్లు బాగుచేసే మెకానిక్ వేషంలో వాళ్ళ ల్యాబ్‌లో అడుగుపెట్టాడో లేదో, కుర్చీకి కట్టేశారు. కట్టింది ముత్యాల కమ్మల కెమిస్టు, లిప్‌స్టిక్ చెదరకుండా. చివరి ముడి ఎందుకో కాస్త వదులుగా వేసింది. ఇలాంటి రోజున అంతపాటి దయ కూడా గొప్పదే అనుకున్నాడు.

ముఠా నాయకుడు కర్నల్ పిస్టల్ గురిపెట్టాడు. "చెప్పు, వీడికి అర్థమయ్యేలా."

"నీళ్ళలో కలిపిన విషం కొవ్వు పొరల బుడగల్లో ఉంది," అందామె. "పొరలో సిగ్నలింగ్ లిపిడ్లనే కొవ్వు అణువులున్నాయి. జీవకణాలు కబుర్లు పంపుకునేది వాటితోనే. కడుపులో యాసిడ్ ఉన్నంతసేపూ వాటి ఛార్జి తక్కువ, బుడగ గమ్మునుంటుంది. యాసిడ్ తగ్గి, పైగా కాల్షియం అయాన్లు తగిలాయో, లిపిడ్లన్నీ గుంపు కడతాయి. పొర చిరిగి విషం బయటపడుతుంది."

తాబేలు అందుకున్నాడు. "గుండెమంటకు వేసుకునే కాల్షియం మాత్ర ఆ రెండు పనులూ చేస్తుంది."

"మీ మామ కూడా ఇందాకే ఆఫీసులో అలాంటి నీళ్ళే తాగాడు," నవ్వాడు కర్నల్. అది అప్పుడే తెలిసిన ఆమె, పిపెట్ పక్కన పెట్టి వాడి వెనక్కి జరిగింది. "ఇప్పుడు నువ్వు ఫోన్లో పలకరిస్తావు. హెచ్చరించబోయావో, లైను కట్. అప్పుడైనా కోపంతో మాత్రే మింగుతాడు."

ఫోన్ కలిపి తాబేలు చెవి దగ్గర పెట్టాడు.

"ఏంటయ్యా, మళ్ళీ ఏం తగలేశావ్?" అవతల సీసా మూత తిరిగింది. మాత్రలు గలగలలాడాయి.

పెళ్ళయిన నాటినుంచీ ఎన్నడూ అనని మాట అన్నాడు తాబేలు.

"మామయ్యా, అన్నిట్లోనూ మీరే కరెక్టు."

గలగల ఆగింది. నమిలిన చప్పుడు లేదు.

"...ఏమన్నావ్?"

కర్నల్ తెల్లబోయి ఫోన్ వైపు చూశాడు. అంతే, ల్యాబ్‌లోని ఇనప స్టాండు వాడి నడినెత్తిన దిగింది. ముత్యాల కమ్మలు ఊగాయి. వదులు ముడి ఊడదీసుకుని తాబేలు ఫోన్ లాక్కున్నాడు.

"మాత్ర పారేయండి! నిమ్మరసం తాగుతూ ఆస్పత్రికి పరిగెత్తండి. పొట్ట కడిగేదాకా ఆ పులుపే మీ ప్రాణం!"

ఆమె వైపు తిరిగాడు. "మన మనిషివా?"

"మీ మామగారి మనిషిని. మీకు చెప్పొద్దన్నారు, మీ నోట్లో నువ్వుగింజ నానదట."

సాయంత్రం, ఆస్పత్రి మంచం మీదనుంచి, ముక్కులో గొట్టంతో చీఫ్ సైగ చేశాడు. తాబేలు వంగాడు.

"ఇందాక ఫోన్లో ఏదో అన్నావే, ఇంకోసారి అను. ఆగాగు, మీ అత్తయ్యను పిలవనీ. సాక్షి కావాలి."